తొట్టెల నుంచి తొలి అడుగు దాకా: మన పిల్లల మొదటి మూడేళ్ల చరిత్ర



ప్రతి ఏడాది ఈ పుస్తకంలో పొదుపు ఎంత, అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని పైసలతో సహా రాసుకుంటున్నాం. మన లెక్కల్లో బర్రెలు ఉన్నాయి, కుట్టు మిషన్లు ఉన్నాయి, కిరాణా కొట్లు ఉన్నాయి. అప్పు తీసుకున్న అమ్మ ఒళ్లో ఉన్న సంటిపిల్లకు మాత్రం ఏ గడీ లేదు. అందుకని ఈసారి ఆ పిల్ల గురించి రాస్తున్నాం. పుట్టిన రోజు నుంచి మూడేళ్లు నిండే దాకా పిల్ల ఒళ్లు, బుద్ధి, మాట, మనసు ఎట్ల పెరుగుతాయి? ఆ పెంపకం ఒకప్పుడు ఎవరి చేతుల్లో ఉండేది, ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉంది?

మేము డాక్టర్లం కాదు, పదో తరగతి దాకా చదువుకున్నవాళ్లం. సంఘం మీటింగుల్లో పెద్దమ్మలు చెప్పినవి, ట్రైనింగుల్లో విన్నవి, పుస్తకాల్లో చదివినవి కలిపి రాస్తున్నాం. చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. పిల్ల పెరగడానికి రెండు కావాలి. ఒకటి తిండి. రెండోది, పిల్లతో మాట్లాడడానికి, ఆడించడానికి తీరిక ఉన్న మనిషి. తిండి లెక్క సర్కారు యాభై ఏళ్లుగా రాస్తోంది. ఆ మనిషి లెక్క ఇంకా ఎవరూ సరిగ్గా రాయలేదు.

అవ్వల కార్డు

మన తెలుగు ఇళ్లలో పాత మాట ఒకటుంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, పలుకులొస్తే చక్కెర చిలకలు. బొబ్బట్లను మన దిక్కు భక్షాలు అంటాం. ఇది తినే ముచ్చట లాగ కనిపిస్తది గాని, సరిగ్గా చూస్తే పిల్ల ఎదుగుదల రాసుకునే కార్డు ఇదే. రెండో నెలలో పిల్ల మనిషి ముఖం చూసి నవ్వుతది. నాలుగైదు నెలలకు బోర్లా పడతది. ఆ తర్వాత కూర్చుంటది, అంబాడుతది, గోడ పట్టుకొని నిలబడతది. ఏడాది దగ్గర్లో అడుగులేస్తది, ఒకటో రెండో మాటలు అంటది. రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్తది.

ఇంట్లో నువ్వుండలు పంచితే వాడకట్టు అందరికీ తెలిసేది, ఫలానా వాళ్ల పిల్ల నవ్విందని. భక్షాలు పంచే వేళ దాటిపోతే పక్కింటి అవ్వ వచ్చి, "ఏమే, ఇంకా బోర్లా పడలేదా?" అని పిల్లను పట్టి చూసేది. రాత రాకపోయినా లెక్క తప్పేది కాదు. ఊరంతా కలిసి ఒక పిల్ల మీద కన్నేసి ఉంచేవాళ్లు.

స్నానం కూడా అట్లనే. అవ్వ కాళ్లు చాపుకొని, పిల్లను ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకొని, నూనె రాసి, చేతులు, కాళ్లు సాగదీసి నీళ్లు పోసేది. పోస్తున్నంత సేపు మాట్లాడుతనే ఉండేది. ఇది చెయ్యి, ఇది ముక్కు, ఇది బొజ్జ అని. పిల్లకు అర్థం కాదు గదా అని ఎవరూ మాట ఆపలేదు. మాట వచ్చే ముందు ఎన్నో నెలలు మాట వినాలి అన్నది అవ్వలకు తెలుసు.

రాత్రి చందమామను చూపించి బువ్వ పెట్టేవాళ్లు. వేలు చూపిస్తే ఆ దిక్కు చూడాలని పిల్ల అక్కడ నేర్చుకుంటది. పిడికిళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి ఆడించేవాళ్లు. అక్కడ వేళ్లు తిరుగుతాయి, పై, కింద అన్నది తెలుస్తది. కొంగు మొహం మీద వేసుకొని, తీసి నవ్వే ఆట మనందరం ఆడినదే. కనిపించనిది పోయినట్టు కాదు, మళ్లీ వస్తది అన్నది పిల్ల ఆ ఆటలో నేర్చుకుంటది. ఎనిమిది, తొమ్మిది నెలల పిల్ల కొత్త మనిషిని చూసి ఏడిస్తే దిష్టి తగిలిందంటాం. నిజానికి తనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో పిల్లకు తెలిసొచ్చిందన్న మాట. అమ్మ కొంగు వదలకపోవడం మంకుపట్టు కాదు. మనసు పెరుగుతున్న గుర్తు.

అయితే పాత కాలం అంతా బంగారమని రాస్తే అబద్ధం అయితది. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసిన ఇళ్లు ఉన్నాయి. పుట్టిన పిల్లకు ఆముదం చుక్కలు, చక్కెర నీళ్లు పోసేవాళ్లు. ధనుర్వాతం, అమ్మవారు, విరేచనాలు వచ్చి పిల్లలు పోయేవాళ్లు. "ఎంతమందిని కన్నావు" అని అడిగితే ఒక లెక్క, "ఎంతమంది ఉన్నారు" అంటే ఇంకో లెక్క చెప్పే పెద్దమ్మలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. ఇంకొకటి, అరిసెలు పంచింది పిండి ఉన్న ఇళ్లలో. కూలికి పోయే అమ్మ పిల్ల చేను గట్టున చెట్టుకు కట్టిన చీర తొట్టెలలో పెరిగింది. ఆ పిల్ల నవ్విన రోజు చూసినవాళ్లు ఉన్నారో లేరో.

వాకిట్లోకి వచ్చిన బడి

స్వాతంత్య్రం వచ్చాక ఊర్లలోని పసిపిల్లల గురించి ఆలోచించినవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లను మనం గుర్తుపెట్టుకోవాలి. ఒకరు మన తెలుగామె, దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆమెనే. ఆ బోర్డు ద్వారా ఊర్లలో మహిళా మండళ్లు, వాటి చేతుల్లో బాలవాడీలు నడిచినాయి. ఇంకొకరు మహారాష్ట్రలో తారాబాయి మోదక్. 1945లో బోర్డి అనే ఊర్లో పని మొదలుపెట్టి, తర్వాత కోస్బాడ్ కొండల్లో గిరిజన పిల్లల కోసం పనిచేసింది. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల వాకిట్లోకి పోవాలని ఆమె అనుకుంది. అంగన్ అంటే వాకిలి. అంగన్‌వాడీ అన్న పేరు అట్ల పుట్టింది.

1975 అక్టోబర్ 2న, గాంధీ జయంతి రోజు, సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. మనం ఐసీడీఎస్ అంటాం. దేశం మొత్తంలో 33 ప్రాజెక్టులతో మొదలైతే, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు, అనంతపురం జిల్లా కంబదూరు ఆ మొదటి వాటిలో ఉన్నాయి. ఒకటి అడవి ప్రాంతం, ఇంకొకటి కరువు ప్రాంతం. పథకంలో ఆరు సేవలు రాసినారు. అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్యం గురించి చెప్పడం, బడికి ముందు చదువు.

ఈ ఆరింటిని ఇంకోసారి చదవండి అక్కలారా. ఆట, పాట, మాట ఉన్నది ఆఖరి దాంట్లో. అది మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు. మూడేళ్ల లోపు పిల్లకు వచ్చింది తిండి, సూది, తూకం. సెంటర్‌లో కూర్చొని ఆడుకునే చోటు రాలేదు. సెంటర్‌కు పంపుదామంటే మూడేళ్లు నిండాలె. ఆ మూడేళ్లు పిల్ల అమ్మ దగ్గర ఉంటదని, అమ్మ ఇంట్లో ఉంటదని అనుకొని రాసిన లెక్క అది. మన దగ్గర అమ్మ ఇంట్లో ఉందా? ఆ సంగతి ముందు చెప్పుకుందాం.

ఆకలి బుద్ధిని కూడా తింటది

తిండి మీద అంత పట్టు ఎందుకు పట్టినారో కూడా తెలుసుకోవాలి. దానికి మన హైదరాబాద్‌లోనే చరిత్ర ఉంది. పోషకాహార పరిశోధన సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో చిన్నగా మొదలైంది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టినారు. తార్నాకలో ఉంది.

అప్పట్లో పిల్లలకు క్వాషియోర్కర్ అనే జబ్బు బాగా వచ్చేది. కాళ్లు వాచేవి, జుట్టు ఎర్రబారేది, పిల్ల నవ్వకుండా మూలన కూర్చునేది. ఆ పేరు ఆఫ్రికాలోని ఘనా దేశంలో గా అనే భాష మాట. సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ 1930లలో ఆ పేరును ప్రపంచానికి చెప్పింది. కొత్త బిడ్డ పుట్టాక పక్కకు జరిగిన పిల్లకు వచ్చే జబ్బు అని దానర్థం. ఆ ఒక్క పేరులో తిండి బాధ, మనసు బాధ రెండూ ఉన్నాయి. చనుబాలు ఆగిపోయినాయి, ఒడి కూడా పోయింది.

హైదరాబాద్ సంస్థలో చంపకం, శ్రీకంటయ్య, గోపాలన్ అనే శాస్త్రవేత్తలు ఆ జబ్బు నయమైన 19 మంది పిల్లలను కొన్నేళ్ల తర్వాత, 8 నుంచి 11 ఏళ్ల వయసులో మళ్లీ చూసినారు. అటువంటి ఇళ్లలోనే పుట్టి, ఆ జబ్బు రాని పిల్లలతో పోల్చినారు. 1968లో ఆ సంగతి అచ్చయింది. ఒళ్లు కోలుకుంది గాని, జ్ఞాపకం, చూసి గుర్తుపట్టడం, ఆలోచించడంలో జబ్బు పడిన పిల్లలు వెనకబడి ఉన్నారు. ఆ తేడా చిన్న వయసు పిల్లల్లో ఎక్కువ, పెద్దవాళ్లలో తక్కువ కనిపించింది. అంటే ఆకలి ఒంటి మీదనే కాదు, బుద్ధి మీద కూడా గీత గీస్తది. పూర్తిగా చెరగకపోయినా, ఆ గీత పలచబడే అవకాశం కూడా ఉంది.

ఆ సంస్థనే ఇంట్లో చేసుకునే పిండి ఒకటి చెప్పింది. హైదరాబాద్ మిక్స్ అంటారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, పుట్నాలు 16 గ్రాములు, పల్లీలు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. మొత్తం 86 గ్రాములు. దాంట్లో 330 కేలరీల శక్తి, 11 గ్రాముల ప్రోటీన్ ఉంటది. అన్నీ మెత్తగా పొడి కొట్టాలి. పల్లీ గింజ గింజగా పసిపిల్లకు ఇవ్వొద్దు, గొంతులో ఇరుక్కుంటది. ఇప్పుడు అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా ఇచ్చే బాలామృతం, నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్, ఈ ఆలోచన దారిలోదే. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేస్తారు. అది పిల్లకు ఇచ్చింది. ఇంట్లో అందరూ లడ్డూలు చేసుకొని తినేది కాదు.

మన జిల్లాకు దూరం కాని ఇంకో సంగతి. 1987 నుంచి 1990 దాకా అప్పటి రంగారెడ్డి జిల్లాలో హైదరాబాద్ దగ్గరి 29 ఊర్లలో అదే సంస్థవాళ్లు ఒక పని చేసినారు. కొన్ని ఊర్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు ఐసీడీఎస్ తిండి అందింది. మిగతా ఊర్లకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు పెద్దయ్యాక మళ్లీ పోయి చూస్తే, చిన్నప్పుడు తిండి అందిన పిల్లలు ఎక్కువ తరగతులు చదివినారు, బడిలో నిలిచినారు. మన అంగన్‌వాడీ గుడ్డును ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఈ సంగతి చెప్పండి.

కోర్టు మాట, సంఘం వంట

పథకం ఉన్నా సెంటర్ లేని ఊర్లు చాలా ఉండేవి. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు, ఆహార హక్కు కేసులో, ప్రతి పిల్లకు, ప్రతి గర్భిణికి, ప్రతి బాలింతకు అంగన్‌వాడీ అందాలని చెప్పింది. 2004 అక్టోబర్ 7న ఇంకో మాట చెప్పింది. అంగన్‌వాడీ తిండికి కాంట్రాక్టర్లను పెట్టొద్దు, వీలైనంత వరకు ఊరివాళ్లు, స్వయం సహాయక సంఘాలు, మహిళా మండళ్ల ద్వారానే ధాన్యం కొని వండించాలి. 2006 డిసెంబర్ 13న, ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి సెంటర్ లేని వాడ అడిగితే మూడు నెలల్లో పెట్టాలని చెప్పింది. 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టంలో ఈ తిండి హక్కుగా మారింది. అంటే ఎవరి దయ కాదు.

కోర్టు సంఘాల పేరు ఎత్తేసరికి మన సంఘాలు చిన్నవి కావు. 1982లో డ్వాక్రా వచ్చింది. 1990ల మధ్యలో ఐక్యరాజ్య సమితి సాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సంఘాలను ఊరి స్థాయిలో, మండల స్థాయిలో కలిపే పని మొదలైంది. 2000లో వెలుగు, తర్వాత ఇందిరా క్రాంతి పథం. మన అయిజ అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. జోగులాంబ గద్వాల జిల్లా అయ్యింది 2016 అక్టోబర్ 11న.

2007 నుంచి ఇందిరా క్రాంతి పథం కింద కొన్ని ఊర్లలో గ్రామ సంఘాలే పోషకాహార కేంద్రాలు నడిపినాయి. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు ఒక్క చోట కూర్చొని తిన్నారు. ఇంట్లో అయితే అందరూ తిన్నాక మిగిలింది కోడలు తింటది. కేంద్రంలో ఆమె పళ్లెం ఆమెదే. 2013లో ఇందిరమ్మ అమృత హస్తం, తెలంగాణ వచ్చాక 2015 జనవరి 1 నుంచి ఆరోగ్య లక్ష్మి అదే దారిలో నడిచినాయి. గర్భిణికి, బాలింతకు రోజూ ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. తిండి విషయంలో ఆడవాళ్ల సంఘాలు దారి చూపించినాయని మనం ధైర్యంగా చెప్పొచ్చు.

తూకానికి అందనిది

అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేసి కార్డు మీద చుక్క పెడతారు. ఆకుపచ్చ అయితే మంచిది, పసుపులోకి జారితే జాగ్రత్త. ఇప్పటి కార్డు వెనక పెద్ద పని ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో, బ్రెజిల్, ఘనా, మన ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాల్లో, సుమారు 8,400 మంది పిల్లలను చూసి 2006లో ఆ గీతలు తెచ్చింది. తల్లిపాలు, మంచి తిండి, శుభ్రత ఉంటే ఏ దేశం పిల్లయినా మొదటి ఐదేళ్లు దాదాపు ఒకే తీరుగా పెరుగుతదని తేలింది. మన పిల్లలు పుట్టుకతోనే పొట్టి అన్న మాట అక్కడ ఆగిపోయింది.

ఆ పనిలోనే నడక గురించి కూడా చూసినారు. పట్టుకోకుండా కూర్చోవడం నాలుగు నుంచి తొమ్మిది నెలల మధ్య, ఒంటరిగా నడవడం ఎనిమిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. తొమ్మిదో నెలలో నడిచిన పిల్ల ఎక్కువ తెలివైనదీ కాదు, పదహారో నెలలో నడిచినది మొద్దూ కాదు. పద్దెనిమిది నెలలు దాటినా నడవకపోతే, పిలిస్తే తిరిగి చూడకపోతే, వచ్చిన మాటలు పోతే, అప్పుడు ఆగొద్దు. దవాఖానకు తీసుకుపోవాలి.

తూకం బరువు చెప్తది. పిల్లతో రోజూ ఎంతమంది మాట్లాడినారో చెప్పదు. దీని గురించి జమైకా అనే చిన్న దేశంలో జరిగిన పని మనకు పాఠం. 1986, 1987లో కింగ్‌స్టన్ పట్టణం పేద వాడల్లో సాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ అనే డాక్టరమ్మ, ఆమెతో పనిచేసేవాళ్లు, వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది పిల్లలను తీసుకున్నారు. తొమ్మిది నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లలు. వాళ్లను నాలుగు గుంపులు చేసినారు. ఒక గుంపుకు పాలపొడి ఆహారం. ఒక గుంపుకు ఆట, మాట. ఒక గుంపుకు రెండూ. ఒక గుంపుకు రెండూ లేవు. ఆట, మాట అంటే పెద్ద చదువు కాదు. మన ఆశా కార్యకర్తల లాంటి ఆడవాళ్లు వారానికి ఒక గంట ఇంటికి పోయి, ఖాళీ డబ్బాలు, అట్టముక్కలతో చేసిన బొమ్మలతో తల్లికి ఆడించడం నేర్పినారు. రెండేళ్లు అట్ల చేసినారు.

రెండేళ్ల తర్వాత, తిండి ఒక్కటే అందినవాళ్లు మెరుగయ్యారు. ఆట ఒక్కటే అందినవాళ్లూ మెరుగయ్యారు. రెండూ అందినవాళ్లు అందరికంటే ముందుకొచ్చినారు. పిల్లలు పెద్దవుతుంటే తిండి ఒక్కదానితో వచ్చిన తెలివి లాభం కరిగిపోయింది. ఆటతో వచ్చింది నిలిచింది. 22 ఏళ్ల వయసులో చూస్తే, చిన్నప్పుడు ఆట, మాట అందినవాళ్ల సంపాదన అందనివాళ్ల కంటే 25 శాతం ఎక్కువ ఉంది. వారానికి ఒక గంట, పగిలిన డబ్బా బొమ్మలు. ఇది మన అవ్వలు స్నానం పోస్తూ చేసిన పనే గదా.

మన దేశంలో మూడేళ్ల లోపు పిల్లల ఆట, మాట కోసం నవచేతన అనే పుస్తకం కేంద్ర ప్రభుత్వం నుంచి 2024లో వచ్చింది. 36 నెలలకు నెలవారీగా, 140 ఆటలు, పనులు దాంట్లో ఉన్నాయి. 1975 నుంచి లెక్కపెడితే 49 ఏళ్లకు. వచ్చినందుకు సంతోషం. అయితే పుస్తకం ఆడించదు, మనిషి ఆడించాలి. ఆ మనిషి ఎక్కడుంది?

సీడు పత్తి చేనులో అమ్మ

ఇప్పుడు మన నడిగడ్డ సంగతి. కృష్ణ, తుంగభద్ర నదుల నడుమ ఉన్న మన నేలలో సీడు పత్తి పెద్ద పంట అయ్యింది. దాని మూలం 1970లో గుజరాత్‌లోని సూరత్‌లో సి.టి. పటేల్ తయారు చేసిన హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తి. ఆ విత్తనం మిషన్‌తో కాదు, చేతులతో తయారు కావాలి. సాయంత్రం మొగ్గలు ఒలవాలి, తెల్లారి మగపూల పుప్పొడి రుద్దాలి. క్రాసింగ్ పని ఎంత ఉంటదో మనకు ఎవరూ చెప్పక్కరలేదు. వారాల తరబడి, రోజూ, పొద్దున, సాయంత్రం. పువ్వు మన కోసం ఆగదు.

ఆ కాలంలో ఇంట్లో ఎవరుంటారు? అమ్మ చేనులో. అవ్వకు చేతనైతే ఆమె కూడా చేనులో. సంటిపిల్ల అక్క చేతుల్లో. ఆ అక్కకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. ఆమె బడి మానితే అది ఆమె చదువు నష్టం. సంటిపిల్లకు కూడా నష్టమే, ఎందుకంటే ఎనిమిదేళ్ల పిల్ల ఎత్తుకోగలదు, ఏడుపు ఆపగలదు, కాని ఆమె కూడా పిల్లనే. అక్క బడికి పోతే ఇప్పుడు ఫోన్ చేతికిస్తున్నారు. ఫోన్ మాట్లాడుతది గాని, పిల్ల "అత్త" అంటే తిరిగి "ఓ" అనదు. మాట అంటే ఇచ్చి పుచ్చుకునేది. తిరిగి పలికే మనిషి లేకుంటే మాట ముందుకు పోదు. వలస పోయే ఇళ్లలో ఇంకో తీరు. పిల్లను అవ్వ దగ్గర వదిలి నెలల తరబడి పోతారు, లేదంటే పనిచోట ఇసుక కుప్ప పక్కన పెంచుతారు.

మన దిక్కు పిల్లలకు ఇంట్లో తెలుగు, సంతలో ఉర్దూ, రాయచూరు చుట్టాలతో కన్నడం చెవిన పడతాయి. ఇన్ని భాషలైతే మాట ఆలస్యం అయితదని కొందరు భయపడతారు. భయం అక్కరలేదు. పిల్లలు రెండు మూడు భాషలు కలిపి కూడా నేర్చుకుంటారు. భాష ఎక్కువైనందుకు కాదు, మాట్లాడే మనిషి తక్కువైనందుకు బాధపడాలి.

చట్టాలు ఏం చెప్తున్నాయో కూడా చూడండి. 2017లో మారిన చట్టం ప్రకారం ఉద్యోగం చేసే తల్లికి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు. 50 మంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలి. మంచి చట్టం. కాని చేనులో 50 మంది వంగి క్రాసింగ్ చేస్తే అక్కడ ఆ గది లేదు, ఆ సెలవు లేదు. 2005 ఉపాధి హామీ చట్టంలో మాత్రం మన కోసం ఒక మాట రాసి ఉండె. పనికి వచ్చిన ఆడవాళ్ల వెంట చిన్నపిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువ ఉంటే, వాళ్లలో ఒకామెను పిల్లల్ని చూడడానికే పెట్టాలి, ఆమెకు కూడా కూలి ఇయ్యాలి. పిల్లను చూడడం కూడా పని అని, దానికి కూలి ఉంటదని చట్టం ఒప్పుకున్న చోటు అది. 2022 నుంచి పాలనా అనే పథకం కూడా ఉంది. అంగన్‌వాడీతో కలిపి, ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు పగలంతా చూసుకునే కేంద్రం అందులో నడపొచ్చు.

సంఘం చేయగలిగింది

పాత రోజుల అవ్వను మనం తిరిగి తేలేం. ఆమె చేసిన పనిని తేగలం. అందుకు ప్రతి సంఘం ముందు ఈ నాలుగు మాటలు పెడుతున్నాం.

ఒకటి. తీర్మానాల పుస్తకంలో ఒక పేజీ మూడేళ్ల లోపు పిల్లలకు పెట్టుకుందాం. పేరు, పుట్టిన తేదీ, నవ్వింది, బోర్లా పడింది, కూర్చుంది, నడిచింది, మాట వచ్చింది. నెలకు ఒకసారి మీటింగులో అడిగి రాస్తే చాలు. అరిసెలు పంచలేకపోతే బెల్లం ముక్క పంచుకుందాం. నలుగురికి తెలియడమే ముఖ్యం.

రెండు. క్రాసింగ్ కాలంలో పది మంది తల్లులు ఒక్కొక్కరు తమ రోజు కూలిలో పదో వంతు ఇస్తే, పదకొండో ఆమెకు నిండు కూలి వస్తది. ఆమె ఆ పది మంది పిల్లల్ని చూస్తది. బాగా పసివాళ్లు ఎక్కువైతే ఇద్దరు కావాలి, అప్పుడు ఐదో వంతు. ఆ పనికి చేతగాని మనిషిని కాదు, పిల్లలతో మాట్లాడే మనిషిని పెట్టాలి. చోటు, నీడ, నీళ్లు రైతును అడుగుదాం. మన చేతులు లేకుంటే ఆయన సీడు లేదు, అడగడానికి సిగ్గు అక్కరలేదు.

మూడు. పాలనా కేంద్రం కోసం గ్రామ సంఘాల తీర్మానాలు మండల సమాఖ్య ద్వారా అధికారులకు పంపుదాం. ఎంతమంది పిల్లలు, ఏ నెలల్లో, ఎన్ని గంటలు అని లెక్కతో రాస్తే ఆ కాగితానికి బరువు ఉంటది. ఆ లెక్క మొదటి పేజీలోనే ఉంది.

నాలుగు. ఇంటి పని ఆపకుండా మాట్లాడుదాం. రొట్టెలు కొడుతూ, బట్టలు ఉతుకుతూ పిల్లకు ఏం చేస్తున్నామో చెప్పొచ్చు. పిల్ల "ఊ" అంటే మనం "ఊ" అనాలి. చెంబు, గరిటె, కంది పొట్టు, గుడ్డ బొమ్మ, ఇవే బొమ్మలు. నాన్నలు కూడా ఎత్తుకోవాలి, మాట్లాడాలి. పిల్లకు ఆడ గొంతు, మగ గొంతు రెండూ కావాలి.

ఈ పుస్తకం వచ్చే ఏడాది మళ్లీ అచ్చు అయినప్పుడు, అప్పుల పట్టిక పక్కన ఇంకో చిన్న పట్టిక ఉండాలని మా కోరిక. మన సమాఖ్యలో మూడేళ్ల లోపు పిల్లలు ఎంతమంది, క్రాసింగ్ కాలంలో పగటిపూట వాళ్లు ఎవరి దగ్గర ఉన్నారు, ఎంతమంది అక్కలు ఆ రెండు నెలలు బడికి పోగలిగినారు. రికవరీ నూటికి నూరు ఉందని చెప్పుకునే మన సంఘాలకు ఈ మూడు అంకెలు రాయడం పెద్ద పని కాదు.